ఏకాంబరం లాగుడు బండి

ఏకాంబరానికి కోపం వస్తే అరవడు. చేతిలో ఉన్న పానా కింద పెట్టి, రెండు చేతులూ నడుముకు ఆనించి, ఎదుటి మనిషిని వదిలేసి ఆకాశం వైపు చూస్తాడు. నగరిలో మా వీధి వాళ్లందరికీ ఆ నిలబడే తీరు తెలుసు. బండి కట్టించిన ఆ ఎనిమిది నెలల్లో ఆయన ఆకాశాన్ని చూసినంతగా అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండడు.

ఆయన అసలు పని మరమగ్గాలు బాగుచేయడం. ఇరవై ఆరేళ్లు అదే చేశాడు. ఏ షెడ్డులో పోగు మోసుకుని అటూ ఇటూ తిరిగే నాడె ఎగిరి పడినా, పోగు ఊరికే తెగుతున్నా, మగ్గం ఉన్నట్టుండి మొండికేసినా కబురు ఆయనకే వచ్చేది. లోపలికి పోకముందే గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాలు చప్పుడు వినేవాడు. "ఎడమ పక్క కర్ర అరిగిపోయిండాది. ఆపండి" అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకునే మనిషి కాదు. ఆయన చేతి సంచిలో టేపు, చిన్న స్కేలు, సందులు కొలిచే రేకుల కట్ట ఎప్పుడూ ఉండేవి.

తర్వాత షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కారణాలు ఎవరిని అడిగినా అవే చెబుతారు, నూలు, కరెంటు, బయటి నుంచి దిగే చవక చీరలు. పాత ఇనుము కొనేవాళ్లు లారీ వేసుకొచ్చి, మగ్గాలను సమ్మెటలతో పగలగొట్టి, ముక్కలుగా ఎక్కించుకుని పోయేవారు. తను సర్ది నిలబెట్టిన మగ్గాలు అట్లా పగులుతుంటే చూడలేక ఏకాంబరం ఆ వీధుల వైపు పోవడమే మానుకున్నాడు. ఆయన భార్య ఉదయలక్ష్మి చీరల అంచులకు గ్రాఫు కాగితం మీద డిజైన్లు గీసేది. ఆమె పని కూడా తగ్గిపోయింది. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఒక మనిషి పొద్దున్నే స్నానం చేసి, చొక్కా వేసుకుని, ఎక్కడికి పోవాలో తెలియక అరుగు మీద కూర్చోవడం నేను రోజూ ఎదురింటి నుంచి చూసేవాడిని.

రెండేళ్ల కిందట ఒక శనివారం పుత్తూరు నుంచి మోపెడ్ మీద వస్తూ రోడ్డు పక్క గుంతలో ముక్కు దించుకుని ఉన్న కారును చూశాడు. చెన్నై నుంచి కొండకు పోతున్న కుటుంబం. ఆరుగురు చింతచెట్టు కింద కూర్చుని ఉన్నారు. తెల్లారినప్పటి నుంచి తిరుపతి క్రేను కోసం ఎదురుచూస్తున్నారట. ఫోను చేసినప్పుడల్లా "బయల్దేరినాము" అంటున్నారు తప్ప వచ్చింది లేదు. ఏకాంబరం వెనక్కి పోయి, తెలిసిన షెడ్డులో గొలుసు కప్పీ తీసుకొచ్చి, చింతచెట్టు మొదలుకు కట్టి, చక్రాల కింద పలకలు వేసి, నలభై నిమిషాల్లో కారును రోడ్డెక్కించాడు. ఆ కుటుంబ పెద్ద ఆయన రెండు చేతులూ పట్టుకుని, వచ్చీరాని తెలుగులో, "మీరు ఇదే పని పెట్టుకోవచ్చు కదా సార్" అన్నాడు.

"ఆ మహానుబావుడు ఆ ఒక్క మాట అనకుండా పోయుంటే నా పాటికి నేను ఉండేవాణ్ణి" అంటాడు ఏకాంబరం ఇప్పటికీ.

బండి కోసం పలమనేరు దాకా పోయాడు. అక్కడ ఒక పాల వ్యాపారి పన్నెండేళ్లుగా క్యాన్లు తోలిన పికప్పు అమ్మకానికి పెట్టాడు. ఏకాంబరం బానెట్ ఎత్తించి, ఇంజను ఆన్ చేయించి, మగ్గం విన్నట్టే కళ్లు మూసుకుని విన్నాడు. ఇంజను శుభ్రంగా ఉంది. ఛాసిస్ తుప్పు పట్టలేదు. ఆయన చెవులు, కళ్లు బాగా పనిచేశాయి కానీ ఆ రోజు జలుబు చేసి ఉన్న ముక్కు పనిచేయలేదు. బండి మా వీధిలోకి వచ్చి ఆగగానే పులిసిన పాల వాసన గుప్పున కొట్టింది. ఎండ పెరిగేకొద్దీ అది ఇంటింటికీ తిరిగింది.

ఉదయలక్ష్మి చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బండి చుట్టూ ఒక చుట్టు తిరిగింది. "ఏమయ్యా, బండి కొన్నావా, పెరుగు కుండ కొన్నావా?" అంది.

కుంకుడు రసంతో కడిగారు, చింతపండుతో తోమారు, బ్లీచింగు పొడి చల్లి రెండు రోజులు ఎండబెట్టారు. వెనక వాసన పోయింది. క్యాబిన్‌లో మాత్రం పోలేదు.

ఇక బండి కట్టడం. వెనక తొట్టి తీసేసి, ఛాసిస్ మీద ఇనుప దూలాలతో ఒక చిన్న క్రేను నిలబెట్టాలి. చెడిపోయిన కారు ముందు చక్రాలను ఎత్తి పట్టుకుంటే, వెనక చక్రాల మీద అది దొర్లుకుంటూ రావాలి. లెక్కంతా ఏకాంబరం తలలో ఉంది. వెల్డింగుకు మాత్రం శాంతయ్యను పట్టుకోవలసి వచ్చింది. శాంతయ్యకు అరవై దాటాయి. పుత్తూరు రోడ్డులో షెడ్డు. ట్రాక్టరు ట్రాలీలు కట్టడంలో చుట్టుపక్కల ఆయనను మించినవాడు లేడు. ఆయన వేసిన అతుకు చీమల బారు పోయినట్టు ఉంటుంది. ఒక్కటే చిక్కు, ఆయన జన్మలో టేపు పట్టలేదు. ఒక కన్ను మూసి చూస్తాడు, అంతే.

"అన్నా, ఈ దూలం నాలుగడుగుల రెండంగుళాలు ఉండాలని రాసిచ్చినాను గదా. నువ్వు నాలుగున్నర సేసినావు" అన్నాడు ఏకాంబరం మొదటి వారమే.

"పొడుగుంటే మంచిదే గదబ్బా. కావాలంటే కోసుకోవచ్చు. పొట్టిదైతే అతకాల."

"కోసుకునేదానికి కాదన్నా. ఆ నాలుగంగుళాల మీదనే బరువంతా ఆడతాది."

"ముప్పై అయిదేండ్లుగా ట్రాలీలు కడతా ఉండాను. ఒక్కటి ఇరిగిందా సెప్పు."

"ఇది ట్రాలీ కాదన్నా!"

"సక్రాలుండాయి గదా" అన్నాడు శాంతయ్య, ముసుగు దించుకుని మళ్లీ నిప్పురవ్వలు లేపుతూ.

ఏకాంబరం ఆకాశాన్ని చూశాడు.

రెండో చిక్కు పేరు భానుచందర్. ఉదయలక్ష్మి తమ్ముడు, పుత్తూరులో సెల్‌ఫోన్ల అంగడి. బావ బండి కడుతున్నాడని తెలిసినప్పటి నుంచి ఎక్కడెక్కడి దేశాల వీడియోలు చూస్తూ, రోజుకొక సలహా పంపేవాడు. పంపి ఊరుకుని ఉంటే బాగుండేది. బావకు ఆశ్చర్యం కలిగించాలని, చెప్పకుండా ఒక కరెంటు వించి తెప్పించాడు. బ్యాటరీతో తిరిగి, ఇనుప తాడును చుట్టుకునే యంత్రం. చూడటానికి ఎర్రగా, కొత్త పెళ్లికొడుకులా ఉంది.

"మీట నొక్కితే సాలు బావా. ఏనుగునైనా లేపుతాది."

ఏకాంబరానికి అనుమానంగానే ఉంది. కానీ బామ్మర్ది తన చేతి డబ్బు పెట్టుకుని తెచ్చాడు, భార్య ముఖం చూశాడు, బిగించాడు.

పరీక్ష రోజు శాంతయ్య షెడ్డు ముందు. పక్కన ఏళ్లుగా పడి ఉన్న ఒక పాత వ్యాను ఉంది. టైర్లు లేవు, రిమ్ములు మట్టిలో దిగిపోయి ఉన్నాయి. దాన్నే ఎత్తి చూద్దామన్నారు. కొక్కెం తగిలించారు. ఏకాంబరం పికప్పులో స్టీరింగు ముందు కూర్చున్నాడు. భానుచందర్ ఒక చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీస్తూ, రెండో చేత్తో మీట నొక్కాడు. తాడు బిగిసింది. వించి మూలిగింది. వ్యాను కదల్లేదు. కదిలింది పికప్పే. ముందు చక్రాలు మెల్లగా నేల వదిలి జానెడు, మూరెడు పైకి లేచాయి. ఏకాంబరం గాలిలో స్టీరింగు తిప్పుతూ కూర్చున్నాడు.

ఎదురుగా బస్సు కోసం నిలబడిన జనం దగ్గరికి వచ్చేశారు. "బండి దండం పెడతా ఉండాది సూడండ్రా" అని ఎవరో అన్నారు.

"ఆపరా! ఆపు!" అని ఏకాంబరం కేక పెట్టాడు. భానుచందర్ కంగారులో మీట వదిలేశాడు. వించి పట్టు జారింది. తాడు సర్రున వదులైపోయి, పికప్పు ముక్కు దబ్బున నేలకు కొట్టుకుంది. రేడియేటరులోంచి నీళ్లు కారడం మొదలైంది.

ఏకాంబరం దిగి, వ్యాను దగ్గరికి పోయి, తలుపు సందులోంచి లోపలికి చూశాడు. సీట్ల మధ్య కప్పు దాకా ఇనుప తుక్కు నింపి ఉంది.

"అన్నా, లోపల తుక్కు ఉండాదని సెప్పొచ్చు గదా!"

"నువ్వు అడగలేదు గదబ్బా" అన్నాడు శాంతయ్య.

"వీడియోలో ఇట్లా జరగలేదు బావా" అన్నాడు భానుచందర్.

సాయంత్రం ఉదయలక్ష్మి వించి వచ్చిన అట్టపెట్టెను చింపబోతూ, అడుగున మడిచి ఉన్న కాగితం విప్పి చదివింది. అది బురదలో ఇరుక్కున్న జీపులను నేల మీద లాగడానికి మాత్రమేనని, బరువులు పైకి ఎత్తడానికి వాడరాదని, పెద్ద అక్షరాలతోనే రాసి ఉంది. ఆమె ఆ కాగితాన్ని మొగుడికి చూపించలేదు. తమ్ముడికి ఫోను చేసి, పావుగంటసేపు, మా ఇంట్లోకి కూడా వినబడేట్టు చదివి వినిపించింది.

మూడు రోజులు ఏకాంబరం రేడియేటరుకు అతుకులు వేస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు పొద్దున, అన్నాళ్లుగా తప్పించుకు తిరిగిన వీధిలోకి పోయాడు. పగలగొట్టిన మగ్గాల పోత ఇనుము అక్కడ ఒక షెడ్డులో లారీ కోసం కుప్పగా పోసి ఉంది. బండి ముక్కు లేవకుండా ఉండాలంటే ముందు బరువు కావాలి. అంత చిన్న చోటులో అంత బరువు ఇమడాలంటే పోత ఇనుమే కావాలి. నన్ను కూడా తోడు పిలిచాడు. కుప్పలో వెతికి, మగ్గం పక్క చట్రాలు నాలుగు ఏరుకున్నాడు. ఒకదాని మీద సుద్దముక్కతో తను వేసిన పదకొండు అంకె చెరగకుండా ఉంది. ఆయన దాన్ని బొటనవేలితో తుడవబోయి ఆగాడు. "దీనికి ఎప్పుడూ కుడిపక్క నట్లు వదులయ్యేది" అని మాత్రం అన్నాడు. ఆ నాలుగు ముక్కలనూ ముందు బంపరు వెనక బోల్టులతో బిగించాడు.

అక్కడే మూతపడిన, నూలుకు గంజి పట్టించే సైజింగు మిల్లులో నూలు చుట్టే యంత్రం గేరుపెట్టె ఒకటి దొరికింది. దాని గుణం ఆయనకు తెలుసు. పిడి ఎంత తిప్పితే అంతే కదులుతుంది. మధ్యలో చెయ్యి వదిలేసినా బరువు దాన్ని వెనక్కి తిప్పలేదు. కారు ఎత్తడానికి ఆ గేరుపెట్టె, గుంతలోంచి లాగడానికి బామ్మర్ది తెచ్చిన వించి అని పని పంచాడు. దూలాన్ని నాలుగంగుళాలు కోయించి, క్రేను కాళ్లు వెనక ఇరుసుకు దగ్గరగా జరిపించాడు. కోసేటప్పుడు శాంతయ్య, "నేను ముందే సెప్పినాను గదా, పొడుగుంటే కోసుకోవచ్చని" అన్నాడు. ఈసారి తుక్కు వ్యానును కాకుండా ఒక మామూలు కారును ఎత్తి చూశారు. పికప్పు ముక్కు నేల వదల్లేదు.

ఇంత అయ్యాక అసలు చిక్కు మొదలైంది. బండి రూపం మారింది కాబట్టి రవాణా ఆఫీసులో కొత్తగా రాయించాలి. మొదటిసారి పోయినప్పుడు అధికారి బండిని చుట్టి చూసి, పుస్తకం తిరగేశాడు.

"ఇది సరుకు బండి అని ఉంది. సరుకు ఎక్కడ పెడతారు?"

"సరుకు ఎనక ఏలాడతాది సార్."

"వేలాడేదాన్ని సరుకు అనరండీ."

ఆ అధికారి చెడ్డవాడేం కాదు. ఒక్క రూపాయి అడగలేదు. గదులు గీసి ఉన్న కాగితంలో ఏ గదిలోనూ ఈ బండి పట్టడం లేదని ఆయన బాధ. రెండోసారి పోతే, కొలతలతో బొమ్మ తెమ్మన్నాడు. భానుచందర్ తనకు తెలిసినవాడి చేత కంప్యూటరులో వేయించి రంగుల్లో తెచ్చాడు. మూడోసారి అధికారి దాన్ని చూసి, బొమ్మలో ఆరు చక్రాలు, బయట నాలుగు చక్రాలు ఎందుకున్నాయని అడిగాడు. ఏకాంబరం బయటికి వచ్చి, ఆఫీసు ఆవరణలో నిలబడి, చాలాసేపు ఆకాశాన్ని చూశాడట.

ఇంటికి వచ్చి కాగితాలు విసిరికొట్టాడు. "ఇంక నాకొద్దు. ఆ పాలాయనకే తిరిగి ఇచ్చేస్తా. క్యాన్లు తోలుకోనీ."

ఉదయలక్ష్మి లేచి, పెట్టెలోంచి గ్రాఫు కాగితాల కట్ట తీసింది. మర్నాడు బండి చుట్టూ, బండి కిందా దూరి కొలతలు తీసింది. చూడటానికి వచ్చిన శాంతయ్య చేతికి టేపు చివర ఇచ్చి, "కంటితో కాదన్నా, దీంతో పట్టుకో" అంది. ఆయన పాపం పట్టుకున్నాడు. గడికి ఒక అంగుళం లెక్కన పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, మూడు బొమ్మలు గీసింది. చీర అంచులో ఒక్క గడి తప్పితే నూరు చీరలు పాడవుతాయి. ఆ భయంతో ఇరవై ఏళ్లు గీసిన చెయ్యి అది. మొదటిసారి నచ్చక చింపేసింది. రెండోసారి పిడి తిరిగే చోటు అర గడి పక్కకు పోయిందని చింపేసింది. మూడోసారికి అయిదు రోజులు పట్టింది.

నాలుగోసారి ఆఫీసుకు ఆమె కూడా పోయింది. అధికారి ఆ కాగితాలను బల్ల మీద పరిచి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది ఏ ఇంజనీరు వేశారు?"

"ఇంజనీరు కాదు సార్, మా ఇంటామె. సీర అంచులు గీస్తాది."

అధికారి లేచి, టేపు తీసుకుని, తనే బండి దగ్గరికి వచ్చాడు. మూడు చోట్ల కొలిచాడు. మూడూ సరిపోయాయి. సంతోషంగా తలాడించాడు. తర్వాత, "అయితే ఇది గ్రాఫు కాగితం మీద చెల్లదండీ. తెల్ల కాగితం మీద, గుర్తింపు ఉన్న ఇంజనీరు సంతకంతో కావాలి" అన్నాడు.

అట్లా తిరుపతిలో ఒక ఇంజనీరు ఆఫీసుకు పోయారు. ఆయన ఆ బొమ్మల మీద తెల్ల కాగితం పెట్టి, ఒక్క గీత మార్చకుండా దించి, కింద సంతకం, ముద్ర వేశాడు. అయిదోసారికి పని అయింది. తిరిగి వస్తూ బస్సులో ఉదయలక్ష్మి, "గీసింది నేను, పేరు ఆయనదా?" అంది. ఇంటికి వచ్చేదాకా ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

బండి రోడ్డెక్కిన పదో రోజు మొదటి పిలుపు వచ్చింది. పొద్దున ఏడు గంటలకు. కార్వేటినగరం నుంచి పుత్తూరు వచ్చే దారిలో, మలుపు దగ్గర కారు ఆగిపోయిందని, గేర్లు పడటం లేదని. హేమచంద్ర అని నలభై ఏళ్ల మనిషి, పట్టు పంచె కట్టుకుని రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. శ్రీకాళహస్తిలో ఆయన అన్న కూతురి పెళ్లి. ముహూర్తం పదకొండు దాటాక. ఇంటిల్లిపాదీ ముందురోజే పోయారు. ఏదో పని ఉండి ఈయన ఆగాడు.

ఏకాంబరం కొక్కేలు తగిలించి, గొలుసులు బిగించి, పిడి తిప్పబోతూ లోపల ఎవరో ఉన్నారని చూశాడు. వెనక సీట్లో ఎనభై ఏళ్ల ముసలమ్మ, కొత్త చీర కట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. హేమచంద్ర తల్లి చౌడమ్మ.

"అవ్వా, దిగల్ల. ఎత్తిన కారులో మనుషులు ఉండకూడదు."

"నేను దిగను."

"దిగకపోతే బండి కదల్దు అవ్వా."

"కదలకపోతే కదలకపాయె. నేను దిగను."

హేమచంద్ర బతిమాలాడు, విసుక్కున్నాడు, చేయి పట్టుకోబోయాడు. ఆమె ముందు సీటును రెండు చేతులతో పట్టేసుకుంది. అరగంట గడిచింది. ఏకాంబరం చేతులు నడుముకు పోయాయి. ఆకాశంలో అప్పటికే ఎండ ఎక్కుతోంది. చివరికి హేమచంద్ర ఫోను మాట్లాడుతూ దూరంగా పోయినప్పుడు, ఏకాంబరం కిటికీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"ఏమి అవ్వా, మోకాళ్ల నొప్పా?"

ఆమె కొడుకు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నొప్పి ఎప్పుడూ ఉండేదే నాయనా. నిన్న అందరూ నన్ను ఇడిసిపెట్టి పోయినారు. నీకు వొంట్లో బాగాలేదు, ఇంట్లోనే ఉండు అనిరి. నేను తెల్లారకముందే లేసి, సీర కట్టుకుని, వీడు రాకముందే కారులో కూసున్నా. దిగమన్నా దిగలా. ఇప్పుడు దిగితే, ఆటో ఎక్కిచ్చి ఇంటికి పంపిచ్చేస్తాడు. ఆ పిల్లను పెంచింది నేను. పెండ్లి సూడకుండా ఎట్ల ఉండేది?"

ఏకాంబరం తన బండి వైపు వేలు చూపించాడు. "నా బండి ముందర సీట్లో కూసోబెట్టుకుంటా. నిన్ను ఎవురూ యాడికీ పంపీరు. ఒట్టు" అన్నాడు.

"నీ పేరేంది?"

చెప్పాడు. ఊరు, తండ్రి పేరు, ఇంటిపేరు కూడా అడిగి తెలుసుకున్న తర్వాత ఆమె కాలు కింద పెట్టింది.

క్యాబిన్‌లో హేమచంద్ర మధ్యలో నలిగాడు. చౌడమ్మ కిటికీ దగ్గర. ఎక్కీ ఎక్కకముందే, "పెరుగు పులిసిందా ఏమి?" అంది. పుత్తూరులో మెకానిక్ దగ్గర కారు దింపి బస్సెక్కాలని హేమచంద్ర ఆలోచన. దింపి, కాగితం రాయించి, బస్సు పట్టుకుంటే వేళ దాటిపోతుంది.

"కారు తర్వాతైనా దించుకోవచ్చు. తాళి మళ్లా కట్టరు. నేరుగా పోనీ ఏకాంబరం" అంది చౌడమ్మ.

అట్లా కారును వెనక వేలాడదీసుకుని, తిరుపతి పక్కగా, రేణిగుంట మీదుగా శ్రీకాళహస్తి దాకా. నలభై దాటితే వెనక కారు ఊగుతోంది. ముప్పై అయిదుకు తగ్గించాడు. ఆటోలు దాటిపోయాయి. సైకిలు మీద పచ్చగడ్డి మోపు కట్టుకుని పోతున్న మనిషి చాలాసేపు పక్కనే వచ్చాడు.

"నడిచి పోయుంటే ఈపాటికి సేరుకునేదాన్ని" అంది చౌడమ్మ.

పది మైళ్లకు ఒకసారి ఆపి, దిగి, గొలుసులు తడిమి చూసేవాడు ఏకాంబరం. "మళ్లా ఏందప్పా?" అనేది ఆమె. రేణిగుంట రైలు గేటు దగ్గర పావుగంట ఆగారు. అక్కడ ఆమెకు దప్పిక వేసింది. నీళ్లు తెస్తే చల్లగా ఉన్నాయంది. సోడా తెస్తే తీపి లేదంది. హేమచంద్ర ఫోనులో అన్న అరుపులు ముగ్గురికీ వినిపిస్తున్నాయి. ఏకాంబరం పళ్లు బిగించి రోడ్డునే చూశాడు. ఇంజను చప్పుడు మాత్రం ఎక్కడా మారలేదు.

పదకొండుకు పది నిమిషాల ముందు కల్యాణ మండపం ముందు ఆగారు. వాద్యాలవాళ్లు పెళ్లివారి బండి అనుకుని ఊదడం మొదలుపెట్టి, వెనక వేలాడుతున్న కారును చూసి ఆపేశారు. చౌడమ్మ దిగడానికి కుర్చీ తెచ్చారు. ఆమెను చూసి పెద్ద కొడుకు నివ్వెరపోయాడు. ఆమె ఆయనను దాటుకుని లోపలికి పోతూ, వెనక్కి తిరిగి, "ఆ ఏకాంబరానికి ఆకు ఏయండి. తినకుండా పోతే ఊరుకోను" అంది.

తినడానికి వీల్లేకపోయింది. మండపం ముందు వీధి ఇరుకు. కారుతో కలిపి బండి తిరగదు. వెనక బస్సు హారను మోత. ముందు పాల వ్యాను. ఏకాంబరం దిగి, వాళ్లనూ వీళ్లనూ జరిపించి, అంగుళం అంగుళం వెనక్కి తీసి బయట పడేసరికి గంట పట్టింది. అప్పటికి ఎవరో అరిటాకులో చుట్టిన పులిహోర, వడలు కిటికీలోంచి ఒళ్లో పెట్టిపోయారు. ఊరి బయట చెట్టు నీడలో బండి ఆపి తిన్నాడు. "ఆ పొద్దు తిన్నంత ఆకలిగా ఎప్పుడూ తినలేదు" అని నాతో అన్నాడు. లోపల తాళి కట్టేటప్పుడు వాయించిన మేళం బండి తిప్పుకుంటూనే విన్నాడట. కారును తిరుగుదారిలో పుత్తూరు మెకానిక్ దగ్గర దింపాడు.

ఆ తర్వాత కార్వేటినగరం వైపు నుంచి పిలుపులు రావడం మొదలయ్యాయి. చౌడమ్మ ఊళ్లో ప్రతి ఇంటికీ ఆయన నంబరు ఇచ్చిందట, కార్లు లేని వాళ్లకు కూడా. వారానికి నాలుగైదు పనులు ఉంటున్నాయి. కొండకు రద్దీ ఉన్న రోజుల్లో ఇంకా ఎక్కువ. శాంతయ్య కనబడిన వాళ్లందరికీ అది తను కట్టిన బండి అని చెప్పుకుంటున్నాడు. టేపు మాత్రం ఇప్పటికీ కొనలేదు. చిత్తూరు నుంచి ఇద్దరు తమ బండ్లకు బొమ్మలు గీయించుకోవడానికి ఉదయలక్ష్మిని వెతుక్కుంటూ వచ్చారు. సంతకం ఎవరిదైనా, గీసిన మనిషి పేరు కింద రాయాలని ముందే ఒప్పించుకుని పని మొదలుపెట్టింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఉదయలక్ష్మి సంగటి ముద్ద పెట్టి, నాటుకోడి పులుసు పోసింది. ఏకాంబరం మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో ఫోను మోగింది.

"ఆఁ, సెప్పండి... టైరు రోడ్డు దిగిపోయిందా? యాడ ఉండారు?... సెట్టు పక్కనా? ఏ సెట్టప్పా? ఈ రోడ్డు పొడుగునా సెట్లే... సరే, ఎదురుగా ఏముండాది?... ఇంకో సెట్టా?"

ఎడమ చేత్తో ఫోను చెవికి నొక్కుకుని, ఎంగిలి చెయ్యి నడుము దాకా పోయి చొక్కా గుర్తొచ్చి ఆగింది. ఇంటి కప్పు వైపు చూశాడు.

"కదలబాకండి. ఆడనే ఉండండి. వస్తా ఉండాను" అన్నాడు.

ఉదయలక్ష్మి పళ్లెం మీద ఇంకో పళ్లెం బోర్లించింది. చెయ్యి కడుక్కుంటూ ఏకాంబరం, "మతి లేని జనం, రాయి మీదైనా కిలోమీటరు సూసి సెప్పరు" అని గొణుక్కున్నాడు. గొణుక్కుంటూనే తాళాలు తీసుకుని బయటికి పోయాడు. బండి స్టార్టయింది. ఒక క్షణం అట్లాగే ఉంచి, ఇంజను చప్పుడు విని, గేరు వేసి, పుత్తూరు వైపు తిప్పాడు.